మడపాలెంలో మాకు ఓటెయ్యకండి

మా ఆయన ఖాజా మొహిద్దీన్ మాస్టారు ముప్పై నాలుగేళ్ళు పిల్లలకు జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాడు. రిటైరైన మనిషి ఏం చేయాలి? నమాజు చేసుకోవాలి, షుగరు మాత్ర వేసుకోవాలి, సాయంత్రం పార్కులో కూర్చుని రావాలి. ఈయన ఎమ్మెల్యేకి నిలబడ్డాడు. అదైనా మనుషులెరిగిన పార్టీ తరఫునా అంటే, కాదు. హరిత పక్షమట. ఆ పార్టీకి మొత్తం మీద ఉన్నది ఒకే ఒక్క ఆఫీసు, అదీ తెనాలిలో ఒక హోమియో డాక్టరుగారి మేడ మీద. మీటింగు పెడితే పన్నెండు మంది వచ్చేవాళ్ళు, వాళ్ళలో నలుగురు మందుల కోసం వచ్చినవాళ్ళు.

ఇది రెండువేల తొమ్మిది నాటి మాట. మాది రేపల్లె. నా పేరు హుస్సేన్ బీ. ఇరవై రెండేళ్ళు అంగన్‌వాడీలో పసిపిల్లలను సాకాను. ఆ ఉద్యోగంలో గొంతు పెరుగుతుంది, ఓపిక తరుగుతుంది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మా అమ్మ చెప్పీ చెప్పీ పోయింది. నాకెక్కలేదు. ఎలక్షన్ ఏజెంటుగా ఎవరినైనా పెట్టుకోమంటే మా ఆయనకు ఎవరూ దొరకలేదు. అందుకని నన్ను పెట్టుకున్నాడు. దానికి ఇప్పటికీ బాధపడుతున్నాడో లేదో నేను అడగలేదు.

ఆయన నిలబడటానికి కారణం మడపాలెం. రేపల్లెకు దిగువన, సముద్రం పక్కన చేపలు పట్టే ఊరు. చుట్టూ మడ అడవి ఉండేది. అది నరికి రొయ్యల చెరువులు తవ్వారు. ఆ చెరువుల్లోంచి వదిలిన ఉప్పునీళ్ళు, మందునీళ్ళు పోయి ఊరివాళ్ళు తాగే నీళ్ళలో కలిశాయి. మాస్టారు సోమవారం సోమవారం అర్జీ పట్టుకుని గుంటూరు కలెక్టరాఫీసుకు వెళ్ళాడు. రెండేళ్ళు తిరిగాడు. అర్జీ తీసుకున్నట్టు రసీదు ఇచ్చేవాళ్ళు. రసీదులతో సంచి నిండింది గానీ నీళ్ళ రుచి మారలేదు. "వినేవాడు లేకపోతే వినే కుర్చీలో నేనే కూర్చుంటాను" అన్నాడు ఒకరోజు. తిక్క ముదిరిందనుకున్నాను. మూడో రోజున నామినేషను ఫారాలు తెచ్చాడు.

పెద్ద పార్టీ మనిషికైతే ప్రతిపాదిస్తూ ఒక్కరు సంతకం పెడితే చాలు. మాలాంటి చిల్లర పార్టీకి పదిమంది పెట్టాలి. ఆ పదిలో ఒక్కటి చెల్లకపోయినా నామినేషను పోతుంది. వేలిముద్ర అయితే ఆఫీసరు ఎదుట వెయ్యాలి, సంతకమైతే ఎక్కడ పెట్టినా సరే. "నా కాగితం మీద వేలిముద్ర ఉండటానికి వీల్లేదు" అన్నాడు మా ఆయన. ఎందుకంటే అక్షరాస్యత ఉద్యమం రోజుల్లో ఈయన మూడేళ్ళపాటు సాయంత్రాలు సైకిలు తొక్కుకుంటూ మడపాలెం వెళ్ళి పెద్దవాళ్ళకు సంతకాలు నేర్పాడు. అలా నేర్చుకున్నవాళ్ళలోంచే పదిమందిని ఎంచుకున్నాడు. పదిమందిదీ మడపాలెమే.

"ఏవండీ, పదిమందినీ ఒకే ఊరినించా? ఇద్దరిని చెరుకుపల్లిలో పట్టండి, ముగ్గురిని మన వీధిలో పట్టండి. నామినేషను ఇంకో సెట్టు కూడా వేద్దాం, మంచిది" అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను.

"వాళ్ళు నా విద్యార్థులు" అన్నాడు. అంతే. ఆ మాట అన్నాక ఇక బ్రహ్మదేవుడు దిగివచ్చినా వినడు. మాస్టర్లకుండే జబ్బే అది. పాఠం చెప్పినవాళ్ళందరూ చచ్చేదాకా తన క్లాసులోనే కూర్చుంటారనుకుంటారు.

మడపాలెంలో కట్టు అని ఒకటుంది. ఏ పడవ ఎప్పుడు వేటకు వెళ్ళాలో, వల ఎక్కడ వెయ్యాలో పెద్దలు కూర్చుని చెబుతారు, ఊరు వింటుంది. సముద్రం మీద బతికేవాళ్ళకు ఆ ఐకమత్యం లేకపోతే బతుకు లేదు, అది నేను కాదనను. ఓటు కూడా అంతే. ఎన్నికలొచ్చినప్పుడు అమ్మవారి ముందు కూర్చుని పసుపు గుడ్డ పట్టుకుని ఫలానా పార్టీకి అనుకుంటారు. ఇక ఓటు ఊరిది, మీట నొక్కే వేలు మాత్రమే మనిషిది. మేము నామినేషను వేసింది శుక్రవారం. ఆదివారం ఊరు కట్టు పెట్టుకుంది. అమ్మవారి గుడికి మండపం కట్టిస్తానని రొయ్యల చెరువుల ఆసామి మాటిచ్చాడు. ఆయన నిలబెట్టిన పెద్ద పార్టీ మనిషికే ఊరి ఓట్లన్నీ.

సోమవారం నామినేషన్లు పరిశీలించే రోజు. రేపల్లె ఆఫీసులో పదకొండింటికి మాస్టారూ నేనూ వెళ్ళి కూర్చున్నాం. ఉక్కపోత. ఒక్కొక్క కాగితం తీసి, చూసి, రిటర్నింగ్ ఆఫీసరు "ఓకే" అంటూ వస్తున్నాడు. మా పేరు దగ్గర ఆగాడు.

"అభ్యంతరం వచ్చింది మాస్టారూ. ఆరో సంతకం దొంగ సంతకమని రాసిచ్చారు. ఆమెను తీసుకొచ్చారు కూడా" అన్నాడు.

తలుపు తీస్తే ముందు అంకారావు వచ్చాడు. మడపాలెం పెద్ద. నిలువెత్తు మనిషి, తెల్ల చొక్కా. వెనక అంజమ్మ. చేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగే మనిషి, మొగుడు సముద్రంలో పోయి తొమ్మిదేళ్ళు. పదిమందిలో ఈమెనే ఎందుకు తెచ్చారో నాకు వెంటనే అర్థమైంది. వెనక మగదిక్కు లేని ఇంటి తలుపే ముందు తడతారు. ఆమె నా వంక చూడలేదు. మాస్టారి వంక అసలే చూడలేదు.

ఆఫీసరు కాగితం చూపించి "ఇది నీ సంతకమేనా అమ్మా?" అని అడిగాడు.

"కాదండి."

"మరి నీ సంతకం ఎలా ఉంటుంది?"

"నాకు సంతకం రాదండి. నేను ఏలిముద్రదాన్నండి."

మా ఆయన కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు. ముఖం పాలిపోయింది. ఆమె చెయ్యి పట్టుకుని మొదటి అక్షరం దిద్దించింది ఆయనే. రెండు వారాలు పట్టిందట ఆ పేరు రావడానికి. వచ్చిన రోజున తట్టలో ఉన్న చందువా చేప తెచ్చి మా గుమ్మంలో పెట్టి, డబ్బులిస్తే పుచ్చుకోకుండా పరిగెత్తింది. అలాంటి మనిషి పదిమందిలో నిలబడి నేను వేలిముద్రదాన్ని అంటోంది.

"మాస్టారూ, మీరేమైనా చెప్పేదుంటే చెప్పండి. లేకపోతే నేను రిజెక్ట్ చెయ్యాల్సి వస్తుంది" అన్నాడు ఆఫీసరు. మంచివాడే. ఆయన గొంతులో కూడా ఇబ్బంది తెలుస్తోంది.

మాస్టారు పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. అంకారావు గోడనానుకుని మీసం సర్దుకున్నాడు. అది చూశాను. అదే చూశాను. నా ఒళ్ళు భగ్గుమంది.

"సంతకం రాదా?" అని లేచాను. "ఏంటే, సంతకం రాదా నీకు? మడపాలెం డ్వాక్రా గ్రూపుకి లీడరెవరే? నెల నెలా బ్యాంకులో ఎవరు పెడుతున్నారు సంతకం, మీ అంకారావు పెడుతున్నాడా? సార్, బ్యాంకు రెండు వీధులవతలే ఉంది. మనిషిని పంపండి. రిజిస్టరు నిండా ఉంటాయి ఈవిడ సంతకాలు!"

"హుస్సేన్ బీ!" అన్నాడు మా ఆయన. ముప్పై అయిదేళ్ళ కాపురంలో ఆయన నా మీద గొంతెత్తింది అదొక్కసారే. కానీ అప్పటికే నోరు జారింది.

ఆఫీసరు తెల్లకాగితం, పెన్ను అంజమ్మ ముందు పెట్టాడు. "చూడమ్మా, ఆఫీసులో అబద్ధం చెబితే కేసవుతుంది. వస్తే వచ్చని పెట్టు. భయపడకు" అన్నాడు.

ఆమె అంకారావు వంక చూసింది. అతను కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంది, పెన్ను తీసుకుంది. తల వంచి, మాస్టారు నేర్పినట్టే ఒక్కొక్క అక్షరం విడిగా, గుండ్రంగా రాసింది. ఆఫీసరు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసి "యాక్సెప్టెడ్" అన్నాడు.

గెలిచాం. నవ్వబోయాను. అంజమ్మ నా పక్క నుంచి వెళుతూ ఆగింది.

"నీ కడుపు చల్లగుండక్కా" అంది మెల్లగా. "నా కూడు తీశావు."

ఆ రోజు ఇంటికొచ్చాక మా ఆయన అన్నం ముట్టలేదు. నేను ఊరుకుంటానా? "నేను చేసింది తప్పా? ఉన్నమాటే గదా అన్నాను? మీరేమో నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నట్టు కూర్చున్నారు!" అని విరుచుకుపడ్డాను.

"నేను చెప్పబోయాను" అన్నాడు.

"ఏం చెప్పబోయారు?"

"ఆమె పెట్టలేదనే చెప్పబోయాను. అబద్ధం అలవాటు లేదు, తొందరగా నోటికి రాలేదు. ఇంకొక్క నిమిషం నువ్వు ఆగి ఉంటే వచ్చేది."

నేను వంటింట్లోకి వెళ్ళి కూర్చున్నాను. అరుద్దామంటే ఎవరి మీద అరవను?

మర్నాడే తెలిసింది. మడపాలెంలో అంజమ్మను వెలేశారు. రేవులో చేపల పాట జరుగుతున్నప్పుడు ఆమె ఆ ఛాయలకు రాకూడదు. ఆమెకు ఎవరూ చేప అమ్మకూడదు, కుళాయి దగ్గర పలకరించకూడదు. పోటీ నుంచి తప్పుకోవడానికి ఇంకా ఒక రోజు గడువుంది. "విత్‌డ్రా అవుతాను, వాళ్ళతో మాట్లాడి రా" అన్నాడు మాస్టారు. ఎండలో పడి మడపాలెం వెళ్ళాను. అంకారావు వల బాగుచేసుకుంటున్నాడు, లేచి కుర్చీ వేశాడు. మర్యాదకేం తక్కువ లేదు.

"ఆయన తప్పుకుంటే అంజమ్మను కలుపుకుంటారా?" అని అడిగాను.

"మాస్టారు నిలబడితే మాకేంటి టీచరమ్మా, మా పిల్లలకి సదువు సెప్పినాయన. తప్పు ఆయనది కాదు. ఊరంతా ఒక దారయితే ఈవిడ ఇంకో దారి పోయింది. పోయి, ఊరి పెద్దని ఆఫీసులో అబద్ధాలకోరుని సేసింది."

"చేసింది ఆమె కాదు, నేను."

"నువ్వు మా ఊరిదానివి కాదుగదమ్మా, నిన్నెట్టా ఎలేస్తాం?" అన్నాడు. ఎగతాళిగా కాదు, నిజంగానే అన్నాడు. "పెద్దలం కూర్చుని అనుకున్నాం. ఓట్లు లెక్కేసే రోజున మా బూతులో మాస్టారికి సున్నా వస్తే, పసుపునీళ్ళు పోయించి అంజమ్మని కలుపుకుంటాం. ఒక్క ఓటు పడిందా, అది ఆవిడదే. ఇంక ఈ ఊళ్ళో ఆవిడకి సోటు లేదు. మాస్టారు తప్పుకుంటే అది తెలిసేదెట్టా? నిలబడే ఉండమనండి."

కుడితిలో పడ్డ ఎలుకల్లా అయింది మా పని. తప్పుకుంటే వెలి అలాగే ఉంటుంది, నిలబడితే ఆ మనిషి బతుకు ఒక్క ఓటు మీద వేలాడుతుంది. మా ఆయన నిలబడ్డాడు. గుర్తు కత్తెర ఇచ్చారు. చెట్లు నరకొద్దనే పార్టీకి కత్తెర గుర్తేంటని రేపల్లె సెంటర్లో నవ్వని వాడు లేడు. ఇంకో రోజైతే నేనూ నవ్వేదాన్ని.

అంజమ్మ తెల్లవారుజామున లేచి పాసింజరెక్కి తెనాలి వెళ్ళేది. అక్కడి మార్కెట్లో ఎవరెవరో తెచ్చిన చెరువు చేపలు కొని అక్కడే వీధులు తిరిగి అమ్మి సాయంత్రానికి వచ్చేది. సముద్రం ఒడ్డున పుట్టిన మనిషి చేపల కోసం తెనాలి వెళ్ళడం! స్టేషన్లో కాపు కాసి ఒకరోజు పట్టుకున్నాను. "అంజమ్మా, నా మీద ఎంత కోపమైనా ఉండనీ. ఆ కత్తెరకు మాత్రం ఓటెయ్యకు. నీకు దణ్ణం పెడతాను" అన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి పెట్టెలోకి ఎక్కింది. వేస్తుందో వెయ్యదో నాకు తెలియలేదు.

ఆమె ఒక్కతే వెయ్యకపోతే సరిపోదు గదా. సంతకాలు పెట్టినవాళ్ళు ఇంకా తొమ్మిదిమంది ఉన్నారు. వాళ్ళలో ఏ తిక్క శంకరుడో మాస్టారి మీద ప్రేమతో ఒక్క మీట నొక్కాడనుకోండి, అది అంజమ్మ మెడకే చుట్టుకుంటుంది. అందుకని నేను ప్రచారానికి బయలుదేరాను. మా ఆయన ఆటోకి మైకు కట్టుకుని మిగతా ఊళ్ళు తిరుగుతుంటే, నేను మడపాలెంలో గడప గడపకూ వెళ్ళి "మాకు ఓటెయ్యకండి" అని చెప్పాను.

లోకంలో ఏ అభ్యర్థి పెళ్ళామూ చెయ్యని ప్రచారం అది. "అదేంటి టీచరమ్మా, మతి పోయిందా?" అన్నారు. "పోయింది. మీ ఓటు మీరు చెప్పుకున్న పార్టీకే వేసుకోండి. మావైపు ఒక్కటి కూడా పడనివ్వొద్దు. పడితే అంజమ్మ కూడు పోతుంది" అన్నాను. ఆడవాళ్ళు గుమ్మాల్లో నిలబడి వినేవాళ్ళు. కొందరు నవ్వారు, కొందరు మంచినీళ్ళిచ్చారు. ఆ నీళ్ళు నోట్లో పోసుకుంటే ఉప్పగా, అదోరకం మందు వాసనతో గొంతు దిగలేదు. "ఇయ్యే తాగుతున్నాం టీచరమ్మా" అంది ఒకామె. ఆ నీళ్ళ కోసమే నిలబడ్డ మనిషికి ఓటెయ్యొద్దని చెప్పడానికి వచ్చానాయె. ఎనభై గడపలు తిరిగాను. కాళ్ళు బొబ్బలెక్కాయి.

ఓట్లు పడ్డాక లెక్కింపుకి మూడు వారాలు పైనే ఉంది. ఆ మూడు వారాలూ నేను తిన్నది ఒంటబట్టలేదు. ఐదు పూటలా నమాజులో ఒకటే కోరిక. మొగుడు నిలబడితే పెళ్ళాం గెలుపు కోసం దువా చేస్తుంది. నేను సున్నా కోసం చేశాను.

లెక్కింపు బాపట్లలో ఒక కాలేజీలో. ఇనుప వల అవతల బల్ల, బల్ల మీద ఓటింగు మిషను, ఇవతల బెంచీ మీద ఏజెంట్లం. నా పక్కనే అంకారావు, పెద్ద పార్టీ ఏజెంటుగా. మా ఇద్దరి మోకాళ్ళకూ మధ్య జానెడు దూరం. పొద్దున్నించీ ఊళ్ళ పేర్లు పిలుస్తున్నారు, మాకు పదీ ఇరవై వస్తున్నాయి. నేనవేవీ రాసుకోవడం లేదు.

"మడపాలెం" అన్నాడు ఆఫీసరు.

అంకారావు పెన్ను తీశాడు. మిషను మీట నొక్కితే ఒక్కొక్క అభ్యర్థికి ఎన్నొచ్చాయో వరసగా కనపడుతుంది. మా ఆయనది తొమ్మిదో నంబరు. ఒకటి, రెండు, మూడు అంటూ ఆఫీసరు తాపీగా చదువుతున్నాడు. అతని తాపీకి నిప్పంటుకోనూ! అయిదు. ఆరు. ఎనిమిదో ఆయనకు సున్నా. యా అల్లా, ఇలాగే, ఇంకొక్క సున్నా.

"తొమ్మిది, కత్తెర. ముప్పై ఏడు."

నేను సరిగా వినలేదనుకున్నాను. అంకారావు కూడా వినలేదనుకున్నట్టున్నాడు. లేచి నిలబడి "ఇంకోసారి నొక్కండి సార్" అన్నాడు. ఆఫీసరు విసుక్కుంటూ మళ్ళీ నొక్కాడు. ముప్పై ఏడే.

అంకారావు కూర్చున్నాడు. అతని పెదవులు కదులుతున్నాయి. ఏ ఇల్లు, ఏ ఇల్లు అని మనసులో వీధి వెంట నడుస్తున్నాడని తెలుస్తోంది. వేళ్ళు ముడుస్తూ పోయి మధ్యలో ఆగిపోయాడు. చివరికి తన ఇల్లు కూడా తలుచుకున్నాడేమో, భార్యా ఇద్దరు కోడళ్ళూ ఉన్న ఇల్లది, ముఖం ఎర్రబడింది.

"ముప్పై ఏడు మందిని ఎలేస్తే వల లాగేదెవరు టీచరమ్మా?" అన్నాడు. నన్ను అడిగాడో, తనను తనే అడుక్కున్నాడో. పెన్ను జేబులో పెట్టుకుని బయటికి వెళ్ళిపోయాడు.

నేను ఆ ఇనుప వల పట్టుకుని ఏడ్చాను. ఎక్కిళ్ళు పెట్టి ఏడ్చాను. కాపలా ఉన్న ఆడ పోలీసు వచ్చి "పోనీలే పిన్నీ, డిపాజిట్టు పోయినంత మాత్రాన మనిషి పోతాడా" అని భుజం నిమిరింది. మొత్తం మీద మాకు పదమూడొందల చిల్లర వచ్చాయి, డిపాజిట్టు మాట ఎవడిక్కావాలి? మా ఆయనతో చెబితే "నువ్వు చెప్పింది వాళ్ళు వినలేదన్నమాట" అన్నాడు. ఆయన చెప్పిన పాఠం విన్నారని మాత్రం అనలేదు, అనొచ్చు గానీ.

ఆ శుక్రవారమే మడపాలెం పెద్దలు అంజమ్మకు పసుపునీళ్ళు పోయించి కలుపుకున్నారని తెలిసింది. రేవులో మళ్ళీ ఆమెకు చేప ఇస్తున్నారు. ముప్పై ఏడులో ఆమెది ఉందో లేదో నాకు తెలియదు. ఎలా అడగను?

వారం తర్వాత పొద్దున్నే మా వీధిలో "చేపలో, చందువాలో" అని కేక వినపడింది. ఆమె గొంతే. గిన్నె పట్టుకుని గుమ్మంలోకి పరిగెత్తాను. మా ముందింటి దాకా కేకేస్తూ వచ్చింది. మా గుమ్మం ముందు నోరు మూసుకుని తల తిప్పకుండా నడిచి వెళ్ళింది. పక్కింటి దగ్గర మళ్ళీ కేకేసింది. పిలుద్దామనుకున్నాను. జీవితంలో మొదటిసారి నాకు నోరు పెగల్లేదు.